మంట తెలియని మంటను ఏమని పిలవాలి?

సందేహం: మా అమ్మకు 72 ఏళ్ళు. ఈ మధ్య రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు "ఒంట్లో మంట ఉంది" అన్నారట. తనకు ఎక్కడా మంట లేదే అని అమ్మ ఆశ్చర్యపోయింది. అయినా కారం మానేసి, పూటపూటా మజ్జిగ తాగుతోంది. ఆ వారమే ఒక పత్రికలో "దీర్ఘకాలిక సేంద్రియ కాలుష్యాలు వృద్ధుల్లో మంటను పెంచుతాయి" అని చదివాను. ఆరోగ్యానికి మంచిదని మేము సేంద్రియ బెల్లం, సేంద్రియ బియ్యం కొంటున్నాము. ఆ సేంద్రియమే కాలుష్యమా? ఈ మంట ఏ మంట? ఆ వాక్యాన్ని ఎలా రాసి ఉండాల్సింది?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీరు కొనే బెల్లం మీద రాసి ఉన్న సేంద్రియం వేరు, ఆ వాక్యంలో ఉన్న సేంద్రియం వేరు. ఇంగ్లీషులో "పర్సిస్టెంట్ ఆర్గానిక్ పొల్యూటెంట్స్" అనేవాటికి ఆ పత్రిక చేసిన అనువాదం అది. మాట ఒక్కటే కావడం వల్ల మీకు ఇంత కలవరం కలిగింది. తప్పు మీది కాదు, అలా రాసినవారిది.

"స" అంటే కూడినది. ఇంద్రియాలతో కూడినది సేంద్రియం. ఆర్గాన్ అంటే అవయవం, ఇంద్రియం కాబట్టి "ఆర్గానిక్" అనే మాటకు మనవాళ్ళు ఈ సమాసాన్ని కట్టారు. ఒకప్పుడు రసాయన శాస్త్రంలో అది అతికింది. చక్కెర, యూరియా లాంటి పదార్థాలు ప్రాణమున్న దేహాల్లోనే తయారవుతాయని అప్పటి నమ్మకం. 1828లో జర్మనీకి చెందిన వోలర్ ప్రయోగశాలలోనే యూరియాను తయారుచేయడంతో ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. ఆ తరువాత "ఆర్గానిక్" అంటే రసాయన శాస్త్రంలో కర్బనం ప్రధానంగా ఉన్న పదార్థమనే అర్థం స్థిరపడింది. దానికీ ఇంద్రియాలకూ సంబంధం లేదు, మంచికీ చెడుకూ అసలే లేదు. చక్కెరా కర్బన పదార్థమే, డీడీటీ అనే పురుగుమందు కూడా కర్బన పదార్థమే. ఇక రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండించడం అనే అర్థం వ్యవసాయం నుంచి వచ్చింది. మీ బెల్లం మీద ఉన్నది ఈ చివరి అర్థం. అందుచేత రసాయనాల గురించి రాసేటప్పుడు సేంద్రియాన్ని పొలానికి వదిలేసి, పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న "కర్బన" అన్న మాటనే వాడాలి. పురుగుమందు వాడని పంటకూ పురుగుమందుకూ ఒకే విశేషణం పెడితే చదివేవారు ఏమైపోవాలి?

"కాలుష్యాలు" కూడా సరికాదు. మధురం నుంచి మాధుర్యం, చపలం నుంచి చాపల్యం వచ్చినట్టే కలుషం నుంచి కాలుష్యం వచ్చింది. అది స్థితిని చెప్పే మాట, వస్తువును చెప్పే మాట కాదు. మిఠాయిలను మాధుర్యాలు అనం కదా. కొందరు "కలుషితాలు" అని రాస్తున్నారు. అది అర్థాన్ని తలకిందులు చేస్తుంది, ఎందుకంటే కలుషితం అంటే చెడిపోయినది, చెడగొట్టేది కాదు. చెరువు కలుషితం, అందులో కలిసిన విషం కాలుష్య కారకం.

ఇక "దీర్ఘకాలిక". ఈ మాటను మనం జబ్బులకు వాడుతున్నాము. మధుమేహం దీర్ఘకాలిక వ్యాధి అంటే చాలాకాలం మనతో ఉండేదని. ఇక్కడ చెప్పవలసింది కాలం ఒక్కటే కాదు, లొంగకపోవడం. ఎండకు విరగని, మట్టిలోని సూక్ష్మజీవులకు సులభంగా జీర్ణం కాని, నీటిలో కరగక కొవ్వులో చేరి కూర్చునే పదార్థాలివి. ఇలాంటి స్వభావానికి తెలుగులో చక్కని మాట ఉంది: మొండి. మొండి మరక, మొండి జబ్బు, మొండి బకాయి. బ్యాంకు వార్తల్లో "మొండి బకాయిలు" చదివి తికమకపడ్డవారు నాకు కనబడలేదు. కాబట్టి "మొండి కర్బన కాలుష్య కారకాలు" అంటాను. దేశ్యపదాన్ని సంస్కృత పదంతో కలపవచ్చునా అని అడిగేవారు ఉంటారు. మొండిధైర్యం, మొండివాదం అన్న మాటలు లోకమంతా వాడుతున్నప్పుడు ఇది మాత్రం ఎందుకు కూడదు?

ఈ మొండివాటిలో కొన్నిటి పేర్లు మీ అమ్మగారి తరానికి కొత్త కావు. దోమల కోసం ఇళ్ళ గోడల మీద కొట్టిన డీడీటీ, పల్లెల్లో పురుగుమందుకే మారుపేరుగా నిలిచిన ఎండ్రిన్ రెండూ ఇలాంటి పదార్థాలను అరికట్టడానికి దేశాల మధ్య 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం మొదటి జాబితాలోని 12లో ఉన్నాయి. మన దేశం 2006లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందు 2011లో ఆ జాబితాకు చేరింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన పీసీబీలు అనే రసాయనాలు, ప్లాస్టిక్ చెత్తను తగలబెట్టినప్పుడు పుట్టే డయాక్సిన్లు కూడా మొదటి 12లోవే. మన దేశంలో సాగుకు డీడీటీ వాడకం 1989లోనే ఆగింది. కానీ పొలంలో ఆగినంత మాత్రాన ఒంట్లోంచి పోదు. నేల నుంచి మేతకు, మేత నుంచి పాలకు, పాల నుంచి మనిషి కొవ్వుకు చేరి, ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎంతకాలం బతికితే అంత పోగు. బరువు తగ్గి కొవ్వు కరిగినప్పుడు దాచుకున్నది మళ్ళీ రక్తంలోకి వస్తుంది. పరిశోధకులు ఈ విషయంలో పెద్దవయసు వారిని పరీక్షించడానికి ఇదొక కారణం.

అసలు చిక్కు మాత్రం "మంట"లో ఉంది. డాక్టరుగారు మంట అన్నది ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్, అంటే గాయానికో క్రిమికో ఒళ్ళు స్పందించే తీరు. ఆ మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు అర్థం నిప్పంటించడమే. కనుక అక్షరానికి అక్షరం తూచితే మంట తప్పు కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ముల్లు గుచ్చుకున్న వేలిని చూడండి, నాలుగూ కనబడతాయి. తెలుగులో మంట మాత్రం అనుభవించేవారికి తెలిసే బాధ. కళ్ళ మంట, గుండెల్లో మంట, మూత్రంలో మంట అని రోగి చెబితే వైద్యుడు వింటాడు. మీ అమ్మగారి విషయంలో అది తిరగబడింది. వైద్యుడు చెబుతున్నాడు, రోగికి తెలియడం లేదు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే సి-రియాక్టివ్ ప్రొటీన్, అంటే సీఆర్పీ, లాంటి సూచిక రక్తంలో పెరిగిందని కాగితం చెబుతుంది, ఒళ్ళు చెప్పదు. ఆమెకు "మంట" అనగానే మిరపకాయ గుర్తుకు రావడం భాష తెలిసిన మనిషికి సహజం. ఆమె సరిగ్గానే విన్నది. మాటే తప్పుదారి పట్టించింది.

"వాపు" అందామా? ఏ కాలు వాచిందో చూపించమంటారు. "శోథ" ఉంది, వైద్య గ్రంథాలకు మంచిదే. కానీ సంస్కృతంలోనూ దానికి వాపు అనే అర్థం. పైగా ఒత్తు తప్పి "శోధ" అని అచ్చవుతోంది, అది శోధనలోని మాట. మరికొందరికి "శోష"లా వినిపించి దాహం గుర్తొస్తుంది.

మీ జిల్లావారు ఇక్కడ ఒక ఉపకారం చేయగలరు. అటు తమిళం, ఇటు కన్నడం వినబడే చోట మీరున్నారు. తమిళులు దీన్ని "అళర్చి" అంటారు. "అళల్" అంటే నిప్పు. కన్నడిగులు "ఉరియూత" అంటారు, అంటే మంట, వాపు కలిసినది. రెండు గుర్తులను ఒక్క సమాసంలో బిగించిన ఆ మాట నాకు ఎంతో ఇష్టం. తిరుపతిలో పాఠం చెప్పే రోజుల్లో కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చిన విద్యార్థుల నోట మూడు భాషల మాటలు పక్కపక్కన వినేవాడిని. పొరుగు భాష పదాన్ని కట్టిన తీరు చూస్తే మన భాషలో ఏ మాట మూలన పడి ఉందో గుర్తుకు వస్తుంది.

అలా గుర్తుకు వచ్చినది "సెగ". సెగగడ్డ అన్నప్పుడు మన పెద్దలు ఇన్‌ఫ్లమేషన్‌నే చెప్పారు. ఎర్రగా, వేడిగా, ఉబ్బి సలిపే గడ్డ అది, సెల్సస్ నాలుగు గుర్తులూ అందులో ఉన్నాయి. సెగకు మంట కనబడనవసరం లేదు. నివురు గప్పిన నిప్పుకు మంట ఉండదు, సెగ ఉంటుంది. పెద్దవయసులో ఒంట్లో జరిగేది సరిగ్గా అదే: తక్కువ స్థాయిలో, పైకి తెలియకుండా, ఏళ్ళ తరబడి. ఇంగ్లీషులో కూడా దీనికి పాత మాట చాలలేదు. ఇటలీ శాస్త్రవేత్త ఫ్రాన్చెస్కీ 2000లో ఇన్‌ఫ్లమేషన్‌ను, వయసు మీరడాన్ని చెప్పే ఏజింగ్‌ను కలిపి "ఇన్‌ఫ్లమేజింగ్" అన్నాడు. మనం "లోసెగ" అనవచ్చు. సెగ అన్న ఒంటి మాటకు వాడుకలో ఒక సుఖవ్యాధి అర్థం కూడా ఉంది కాబట్టి "లో" తప్పకుండా చేర్చాలి. పత్రికలో మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే ఇన్‌ఫ్లమేషన్ అని తెలుగు లిపిలో రాస్తే నాకు అభ్యంతరం లేదు. "ఒంట్లో వేడి చేయడం" మాత్రం ఇది కాదు. దాని లెక్క వేరు.

చివరగా ఆ వాక్యంలోని క్రియ. ఎవరూ పట్టించుకోరు గాని, అందులో అన్నిటికన్నా పెద్ద తప్పు "పెంచుతాయి". పెరుగు అకర్మకం, పెంచు సకర్మకం. పెంచు అనగానే చేసినవాడు ఎవరో తేలిపోయినట్టే. స్వీడన్‌లోని ఉప్సాలాలో దాదాపు వెయ్యిమంది 70 ఏళ్ళవారి రక్తంలో ఈ పదార్థాలను కొలిచి, లోసెగ సూచికలతో పోల్చి చూశారు. అలాంటి అధ్యయనాలు చెప్పగలిగేది రెండింటి మధ్య సంబంధం కనబడిందా లేదా అన్నంతవరకే. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండడం వేరు, ఒకటి మరొకదాన్ని తేవడం వేరు. ఆ తేడాను చూపే క్రియలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. నేనైతే ఇలా రాస్తాను: "ఒంట్లో పేరుకునే మొండి కర్బన కాలుష్య కారకాలకూ పెద్దవయసు వారిలోని లోసెగకూ సంబంధం ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది."

మీ అమ్మగారి కాగితానికీ ఈ వాక్యానికీ ముడిపెట్టకండి. సీఆర్పీ జలుబు చేసినా, పంటి చిగుళ్ళు చెడినా, కీళ్ళు వాచినా పెరుగుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు "మంట ఎక్కడ?" అని కాకుండా "ఏ సూచిక, ఎంత పెరిగింది, ఎందువల్ల కావచ్చు?" అని డాక్టరుగారిని అడగండి. ఆమెకు ఇష్టమైతే మజ్జిగ తాగనివ్వండి. కారం మానాలో వద్దో కూడా ఆయననే అడగండి.