మొదటి హాగి గిన్నె కొనే ముందు

చిరంజీవి లావణ్యకి పెదనాన్న ఆశీస్సులు.

మాచా, అదే ఆ పచ్చటి టీ పొడి కలుపుకుని తాగడానికి, రకు అనే జపాన్ మట్టి గిన్నె కొంటానన్నావు. కాస్త ఆగు. రకు గిన్నెను చక్రం మీద తిప్పరు, చేత్తోనే మలుస్తారు. 16వ శతాబ్దంలో క్యోటోలో టీ గురువు సెన్ నో రిక్యూ అభిరుచికి తగ్గట్టు చోజిరో అనే కుమ్మరి మొదలుపెట్టిన పని అది. మంచివాటి ధర మనకి అందదు. చవకగా దొరికేవి చాలావరకు పేరుకే రకు.

ఒసాకాలోనే ఉన్నావు కాబట్టి ఓ సెలవు చూసుకుని యమగుచిలోని హాగి అనే ఊరికి వెళ్ళు. జపాన్‌ని ఏలిన హిదెయోషి 1592లో కొరియా మీదికి దండెత్తినప్పుడు అక్కణ్ణుంచి తెచ్చిన కుమ్మరులతో మొదలైన పని అక్కడిది. టీ వేడుకలు చేసే మనుషులు గిన్నెల్ని వరస పెడితే రకు తర్వాత హాగిదే చోటు.

షాపులో ముందు ఉంగరాలు, వాచీ తీసెయ్యి. అడిగి ముట్టుకో. రెండు చేతులతో పట్టుకుని బల్లకి బెత్తెడు ఎత్తు దాటనీకు. రంగు తర్వాత చూద్దువుగాని, ముందు బోర్లించు. గిన్నె నిలబడే గుండ్రటి అంచుని కోదాయ్ అంటారు. చాలా గిన్నెల్లో గ్లేజు, అంటే గాజులాంటి పూత, అక్కడిదాకా వచ్చి ఆగుతుంది, అసలు మట్టి బయటపడుతుంది. ఇసుక రేణువులు వేలికి తగులుతాయి, కత్తి తిరిగిన జాడ కనిపిస్తుంది. హాగిలో ఒక్కోసారి ఆ అంచుకి గాటు కూడా పెడతారు. అది విరిగిన ముక్క కాదు, బేరం ఆడకు! క్యోటోలో దైతోకుజి గుడికి చెందిన కోహోఆన్‌లో కిజాఎమోన్ అనే కొరియా గిన్నె ఉంది, జాతీయ సంపద. దాని కోదాయ్ చుట్టూ గ్లేజు గింజలు గింజలుగా ముడుచుకుపోయి ఉంటుంది. టీ మనుషులు మురిసిపోయేది ఆ ముడతలకే.

లోపల చసెన్, అదే టీ గిలక్కొట్టే వెదురు కుంచె, తిప్పడానికి చోటుందా, పెదవికి అంచు గుచ్చుకోకుండా ఉందా, అంతే. కుమ్మరి సంతకం ఉన్న చెక్కపెట్టె చూసి డబ్బు పొయ్యకు. టీ పెట్టెలో తాగం కదా.

ఇంటికి తెచ్చాక వాడబోయే ముందు కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచు. మొదట్లో అడుగున కొద్దిగా చెమ్మ దిగొచ్చు, కొత్త కడవకి పట్టినట్టే. టెన్షన్ పడి షాపుకి ఫోన్ చెయ్యకు. వాడేకొద్దీ గ్లేజులోని సన్నటి గీతల్లోకి టీ దిగి రంగు మారుతుంది. మరక అనుకుని సబ్బు పెట్టావో, ఆ వాసన గిన్నె తాగేస్తుంది. ఉత్త నీళ్ళతో కడిగి, రెండు మూడు రోజులు గాలికి ఆరనిచ్చాకే పెట్టెలో పెట్టు. జూన్ వానల్లో ఇంకాస్త ఎక్కువే ఆరనివ్వు, లేకపోతే బూజు పడుతుంది.

మీ పెదనాన్న