జపాన్ కంపెనీయా, అమెరికా కంపెనీయా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ మెకానికల్ ముగించింది. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీ, చెన్నైలో ఒక అమెరికా కంపెనీ ఆఫర్లు ఇచ్చాయి. జీతంలో పెద్ద తేడా లేదు. ‘పక్కనుండి నేర్పించే బాసు కావాలి’ అంటుంది. ఏది మేలు?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: నేర్పించే బాసే ముఖ్యమైతే నా మొగ్గు శ్రీసిటీ వైపు. కాకపోతే ఒక మెలిక ఉంది.

డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967–73 మధ్య జరిగిన ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా, పైవాళ్ల పెత్తనాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా ఒప్పుకుంటారో దేశాలవారీగా కొలిచారు. భారత్‌కు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40 (అంకె ఎక్కువైతే ఒప్పుకోలు ఎక్కువ). పాత అంకెలు, అవీ సగటులే. వీటితో ఒక మనిషిని తూచకండి. ఎక్కడ తడబడతామో మాత్రం చెబుతాయి. అమెరికా మేనేజరు ‘నువ్వేమంటావ్?’ అని అడిగితే సాధారణంగా జవాబు కోసమే అడుగుతారు. మన పిల్లలు ‘మీరెలా చెబితే అలా సార్’ అంటారు. మనకది మర్యాద, ఆయన లెక్కలో చొరవ లేకపోవడం. ఆయన మొదట మెచ్చుకుని, అసలు లోపాన్ని చివర్లో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మనవాళ్లు మెప్పు మాత్రమే విని బయటికొస్తారు.

జపాన్ కంపెనీల్లో ‘హోరెన్సో’ అనే అలవాటు ఉంది: ఎప్పటికప్పుడు రిపోర్ట్ చేయడం, సంబంధం ఉన్నవాళ్లకు తెలియజేయడం, అనుమానం వస్తే ముందే అడగడం. ఒక బోల్టు టార్క్ (బిగింపు బలం) తక్కువ వచ్చిందనుకోండి. దాన్ని బిగించేసి, షిఫ్టు చివర్లో చెబుదాంలే అనుకోవడం మన తీరు. అక్కడ వెంటనే లైన్ లీడర్‌కి చెప్పాలి. ఎందుకంటే అదే బిగించే గన్‌తో అంతకుముందు బిగించినవన్నీ మళ్లీ చూడాలి. చెప్పకుండా సరిచేస్తే మెప్పు రాదు, దాచావన్న మాట వస్తుంది. తర్వాత ‘ఎందుకిలా అయింది?’ అని వరసగా నాలుగైదుసార్లు అడుగుతారు. అది తిట్టు కాదు, కారణం తవ్వడం. ‘సారీ సార్’ అని తల దించుకుంటే కారణం దొరకదు. ఈ పద్ధతిలో నేర్చుకోవడం గట్టిగా ఉంటుంది. ప్రమోషన్లు, నిర్ణయాలు మాత్రం నిదానం. మీ అమ్మాయికి తొందర ఎక్కువైతే చెన్నైయే నయం.

మెలిక ఇదీ: బోర్డు మీద జపాన్ పేరున్నా, లైన్ మీద ఆమె పైన ఉండేది చాలావరకు మన తెలుగు ఇంజినీరో, తమిళ సూపర్‌వైజరో. అందుకే హెచ్‌ఆర్‌ని ‘వాతావరణం ఎలా ఉంటుంది?’ అని అడిగితే లాభం లేదు, బాగుంటుందనే అంటారు. రోజూ ఎవరికి రిపోర్ట్ చేయాలి, శిక్షణ ఎన్ని వారాలు, ఎవరి పక్కన అని అడగమనండి. పోయినేడు చేరిన ట్రైనీ ఒకరి నంబరు ఇప్పించుకుని అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీరు వద్దు. ‘నీ చేతిలో చివరిసారి తప్పు జరిగినప్పుడు ముందు ఎవరికి చెప్పావు? వాళ్లేం చేశారు?’ అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి. చెన్నై ఆఫర్‌కీ ఇదే పద్ధతి. రెండు ఫోన్లూ అయ్యాకే సంతకం.