ఆడపిల్లలకు గులాబీ రంగు, రాకుమారి గౌన్లు పుట్టుకతోనే ఇష్టమా?

కాదు, గులాబీ రంగు మీద మోజు పుట్టుకతో రాదు. రెండేళ్లు దాటాక చుట్టూ చూసి అలవడుతుంది. ఏడాదిలోపు పసివాళ్లకు రంగులు చూపిస్తే ఆడా మగా దాదాపు ఒకేలా చూస్తారు. రెండు మూడేళ్లకు "నేను ఆడపిల్లని" అన్న ఎరుక వస్తుంది. అక్కడి నుంచి ఆడపిల్లంటే ఎలా ఉండాలో గుర్తుల కోసం వెతుక్కుంటుంది. మనం ఏది చేతికిస్తే అదే గుర్తవుతుంది. రంగు సంగతే చూడండి: 1920ల్లో అమెరికాలో కొన్ని పెద్ద దుకాణాలు గులాబీని మగపిల్లలకే సిఫారసు చేసేవి. డిస్నీ తన కథల్లోని రాకుమార్తెల్ని ఒకే బ్రాండు కింద అమ్మడం మొదలుపెట్టింది 2000 ప్రాంతంలోనే.

అమలాపురంలోనో భీమవరంలోనో ఐదేళ్ల పాప పుట్టినరోజు అనుకోండి. గులాబీ గౌను, తళుకుల కిరీటం, బొమ్మల వంటసామాను వస్తాయి. అదే అన్నకైతే రిమోటు కారు, క్రికెట్ బ్యాటు. నాలుగు రోజులు పాప కిరీటం తీయకపోతే "చూశారా, దానికి అవే ఇష్టం" అంటారు. బ్యాటు ఇచ్చి చూసిందెవరు?

గౌను ఇష్టపడే పిల్లకు లెక్కలూ యంత్రాలూ పట్టవనుకోవడం అసలు పొరపాటు. ఒక ఇష్టం ఉంటే ఇంకోటి ఉండకూడదా? అలాగని కిరీటం లాక్కోనక్కర్లేదు. రాకుమార్తె అంటే అద్దం ముందు కూర్చునేదే అనుకుంటే మన నిడదవోలు కోడలు రుద్రమదేవి మాటేమిటి? ఆవిడ 13వ శతాబ్దంలోనే ఓరుగల్లు గద్దెనెక్కి రాజ్యమేలింది, యుద్ధాలూ నడిపింది.