పెంచడం వేరు, సాకడం వేరు

కడప

పాపా,

నువ్వు పంపిన కాగితం రెండుసార్లు చదివినాను. ఫాస్టర్ అనే ఒక్క ఇంగ్లీషు మాటకు పెంచు, సాకు, పోషించు, పెంపొందించు, మేపు, వృద్ధి చేయు అని వరుసగా రాసుకొని, "పెద్దమ్మా, ఇందులో ఏది పెట్టినా ఒకటే కదా?" అని అడిగినావు. ఒకటి కాదమ్మా. పిల్లల కథలు తెలుగు చేసే పనిలోకి దిగినావు కాబట్టి మొదట్లోనే చెప్తున్నా. నిఘంటువులో పక్కపక్కన కూర్చున్న మాటలన్నీ ఒక ఇంటివి కావు.

పెంచు దగ్గర మొదలుపెట్టు. దిగు-దించు, మునుగు-ముంచు, తెగు-తెంచు, వంగు-వంచు. ఈ జతలను గట్టిగా పైకి చదువు. మొదటిది తనంతట తాను జరిగేది, రెండోది ఇంకొకరు జరిపించేది. పెరుగు-పెంచు కూడా ఆ వరుసలోదే. పాత తెలుగులో పెనుచు అని కూడా ఉంది. బిడ్డను పెంచుతాం, మల్లెతీగను పెంచుతాం, గడ్డం పెంచుతారు, పొయ్యి మంట పెంచుతాం, బస్సు చార్జీలు పెంచుతారు. అన్నిటికీ సరిపోతుంది కాబట్టే పెంచు అన్న మాట ఒక్కటే ప్రేమ సంగతి చెప్పదు. ప్రేమ కనిపించాల్సిన చోట పక్కన ఇంకో మాట తోడు వేసుకో. కంటికి రెప్ప మాదిరి పెంచింది, గారాబంగా పెంచింది, పెంచి పెద్ద చేసింది. మనవాళ్ళు నోటితో చెప్పేటప్పుడు ఎప్పుడూ అట్లనే తోడు వేస్తారు, గమనించు. (మన వైపు పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు ఎక్కువ. అవి ఈ క్రియలోనుంచి వచ్చినవి కావు. నెల్లూరు జిల్లా పెంచలకోన నరసింహస్వామి పేరుమీద పెట్టుకున్నవి. మాటలు ఒకే తీరుగా వినపడినంత మాత్రాన చుట్టరికం కలపొద్దు.)

ఇంక సాకు. దీని గురించి నీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఈ మాట విషయంలో ఒక పిల్లోనికి అన్యాయం చేసినాను.

నేను బడిలో చేరిన కొత్తల్లో ఆరో తరగతికి "మా ఇల్లు" అని వ్యాసం ఇచ్చినాను. గొర్రెలు కాసేవాళ్ళ పిల్లోడు ఒకడు "మా అమ్మ లేదు. మా అవ్వ నన్ను సాకింది" అని రాసినాడు. సాకు అంటే నెపం కదా, బడికి రాకపోతే చెప్పేది కదా అని నేను ఎర్ర సిరాతో కొట్టేసి పైన "పెంచింది" అని రాసినాను. వాడు ఆ నోటుబుక్కు తీసుకొని, కొట్టేసిన మాట మీద వేలు పెట్టి, "పెంచలేదు టీచర్, సాకింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. కూర్చోమన్నాను.

ఆ ఎండాకాలం మా ఊరికి పోయినప్పుడు అర్థమైంది. ఈనిన రెండోరోజే తల్లి గొర్రె చచ్చిపోతే, మా జేజి ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకొని, మేకపాలలో గుడ్డ పేలిక తడిపి దాని నోట్లో పెట్టి చప్పరించేటట్టు చేసేది. మొదట అది తల తిప్పేసుకునేది. జేజి వేలితో దాని దవడ సందు తెరిచి, ఒక్కో బొట్టు పిండేది. రాత్రి రెండుసార్లు లేచేది. పది రోజులకు అది జేజి కొంగు పట్టుకొని తిరగడం మొదలుపెట్టింది. వీధిలోవాళ్ళు "ఆ పిల్లను ఆయమ్మే సాకింది" అన్నారు. పెంచింది అని ఒక్కరూ అనలేదు. తర్వాత దాన్ని కొనడానికి వచ్చినాయనతో జేజి, "సాకిన దాన్ని అమ్ముకుంటానా?" అంది.

తనకు పుట్టంది, విడిచిపెడితే బతకంది, దాన్ని చేతుల్లో పెట్టుకొని నిలబెట్టడం సాకడం. ఇందులో కష్టం ఉంది, రాత్రుళ్ళు ఉన్నాయి. సొంత బిడ్డలను కూడా "ఐదుమందిని సాకినా" అంటారు మన ఆడవాళ్ళు. అప్పుడు కూడా ఆ గొంతులో ఉండేది పడిన పాటే. కన్నడంలోనూ సాకు అంటే పెంచడమే, వాళ్ళు పెంపుడు కొడుకును సాకుమగ అంటారు. ఆ భాషలోనే సాకు అంటే చాలు అని కూడా. నువ్వు ఉండేది అనంతపురం కాబట్టి బజార్లో రెండూ వింటావు. తెలంగాణవాళ్ళు సాదుకున్నాం అంటారు, అది కూడా ఇటువంటి మాటే. ఈ అర్థం నిఘంటువుల్లో ఉంది. అప్పుడు నేను చూడలేదు, అంతే. ఇక్కడ బ్రౌన్ గ్రంథాలయానికి పోయినప్పుడల్లా ఆ సంగతి గుర్తుకొస్తుంది. 1820లో ఉద్యోగానికి కడపకు వచ్చిన దొర, జనం నోట్లోని మాటలను కూడా ఏరుకొని 1852లో నిఘంటువు అచ్చు వేయించినాడు. ఇక్కడ పుట్టిన నేను మాత్రం ఇంటి మాటను కొట్టేసినాను.

పోషించు సంస్కృతం. పుష్టి, పోషకాహారం దాని చుట్టాలు. అందులో తిండి, ఖర్చు ఉన్నాయి. మన రాజంపేట, రాయచోటి వైపు ఎంతమంది కువైట్ పోయినారో నీకు తెలుసు. అక్కడినుంచి డబ్బు పంపే తండ్రి కుటుంబాన్ని పోషిస్తున్నాడు. ఇక్కడ బిడ్డలను పెంచుతున్నది తల్లి. ఈ రెండు మాటలు తారుమారు చేస్తే ఇద్దరి కష్టమూ పోతుంది. నువ్వు అడిగిన ఇంగ్లీషు మాట కూడా మొదట తిండి అనే అర్థంలోనుంచే వచ్చింది, కాబట్టి పోషించు దానికి దగ్గరి చుట్టమే. సభలకు డబ్బు ఇచ్చేవాళ్ళను పోషకులు అనడమూ అందుకే. ఒక్క జాగ్రత్త. "పెంచి పోషించు" అని రెండూ కలిపినావంటే పత్రికల దెబ్బకు ఇప్పుడు చెడ్డ అర్థమే వస్తోంది. ఫ్యాక్షన్‌ను పెంచి పోషించినారు, రౌడీలను పెంచి పోషించినారు అని చదివీ చదివీ మన చెవి అట్ల తయారైంది. కథలో అమ్మకు ఆ జంటను వాడొద్దు.

పెంపొందించు మంచి మాటే, కానీ చేత్తో ముట్టుకోలేని వాటికి. స్నేహం, సామరస్యం, చదివే అలవాటు వీటిని పెంపొందించవచ్చు. కోళ్ళను పెంపొందించరు. నీ అనువాదంలో తోటమాలి గులాబీలను పెంపొందించినాడు, అది తీసెయ్. మేపు గొడ్లకు, మేకలకు. మనిషికి వాడితే తిట్టు. హెచ్చు మనకు కన్నడం ఇచ్చింది. పాలును హాలు చేసినట్టే వాళ్ళు ప-ను హ చేసినారు. ఆ హెచ్చును లెక్కలకు, ధరలకు వదిలిపెట్టు. పొలానికి సాగు చేయడం, సేద్యం చేయడం ఉన్నాయి. కృషి అంటే అసలు దున్నడమే. ఇప్పుడు ఎవరు ఏ పని చేసినా కృషి అంటున్నాం, అందులోని నాగలి ఎవరికీ కనపడడం లేదు.

పెంపుడు మాట చూడు, నాకు చాలా ఇష్టం. పెంపుడు కొడుకు అంటే పెరిగినవాడు, పెంపుడు తల్లి అంటే పెంచినామె. ఇద్దరికీ ఒకటే మాట. దత్తత వేరు. దత్తం అంటే ఇచ్చినది, అందులో ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు, కాగితాలు ఉంటాయి. నీ రెండో కథలో కాగితాలు ఏమీ లేవు, పక్కింటామె పిల్లను తెచ్చుకొని అన్నం పెట్టింది. అక్కడ "దత్తత తీసుకుంది" అని రాసినావు, మార్చు.

ఎట్ల ఎంచుకోవాలంటే, వాక్యం రాసినాక కాగితం పక్కన పెట్టి, ఆ పని చేస్తున్న మనిషి చేతులు ఏం చేస్తున్నాయో కళ్ళముందు తెచ్చుకో. గిన్నె పట్టుకున్నాయా, డబ్బు లెక్కపెడుతున్నాయా, కొమ్మ కత్తిరిస్తున్నాయా? ఆ తర్వాత వాక్యాన్ని ఆ మనిషే చెప్తున్నట్టు పైకి చదువు. చదువుకోని అవ్వ నోటికి రాని మాట అవ్వ గురించిన వాక్యంలోకీ రానీయొద్దు.

మొదటి కథ చివరి పేజీలో "అమ్మమ్మ ఆ అనాథ బాలుణ్ణి పోషించి పెంపొందించెను" అని ఉంది కదా. దాన్ని కొట్టేసి "అవ్వ వాణ్ణి సాకింది" అని రాయి. అచ్చు వేసేవాళ్ళు అర్థం కాదేమో అంటే, నాతో మాట్లాడమను.

మీ పెద్దమ్మ