పుదీనాకు దీపం దగ్గరగా పెట్టు

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. కాడలు సన్నగా సాగి కిటికీ వైపు ఒరిగిపోయాయి, కణుపుకూ కణుపుకూ మధ్య బెత్తెడు ఎడం ఉంది. ఎరువు చాలలేదా అని అడిగావు. చాలనిది ఎరువు కాదమ్మా, వెలుతురు. డిసెంబరు చివర మీ సియాటిల్‌లో పగలు ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు, అందులోనూ మబ్బు. ఆ కిటికీనే నమ్ముకుంటే వసంతం దాకా పుదీనా ఇలాగే ఈసురోమంటూ ఉంటుంది.

గదిలో లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా అంటావేమో. ఈ విషయంలో మన కళ్లను నమ్మకూడదు. వెలుతురు తగ్గితే కంటిపాప విప్పారి సర్దుకుంటుంది, ఆకుకు ఆ వెసులుబాటు లేదు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. బయట నడినెత్తి ఎండలో అది లక్ష లక్స్ దాకా ఉంటుంది. మనం హాయిగా పుస్తకం చదువుకునే గదిలో 300 నుంచి 500. పుదీనా గుబురుగా రావాలంటే ఆకుల మీద 10,000 నుంచి 15,000 లక్స్ పడాలి. ఫోనులో వెలుతురు కొలిచే యాప్ వేసుకుని, ఆకుల ఎత్తులో తెర పైకి ఉండేలా పట్టుకుని చూడు. లెక్క అటూ ఇటూగా వస్తుంది. అయినా వందల్లో ఉందో వేలల్లో ఉందో తెలుస్తుంది, ఇప్పుడు నీకు అది చాలు.

అందుకే మొక్కకు ఒక దీపం పెట్టు. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు దీపాలకు డబ్బు పోయకు. మామూలు తెల్లటి ఎల్‌ఈడీలో మొక్కకు కావలసిన నీలమూ ఎరుపూ రెండూ ఉంటాయి. పైగా ఊదా వెలుతురులో ఆకు పచ్చగా ఉందో పసుపు తిరిగిందో పోల్చుకోలేవు. పెట్టె మీద 4000 నుంచి 6500 కెల్విన్ అని రాసి ఉన్నది తీసుకో, అది వెలుతురు రంగును చెప్పే కొలత. ఒకటి రెండు కుండీలకు 20 వాట్లది సరిపోతుంది. దాన్ని ఎక్కడో పైకప్పుకు వేలాడదీస్తే మాత్రం దండగ. ఆకుల కొసలకు జానెడు ఎత్తులో ఉంచు. అరచెయ్యి ఆకుల ఎత్తులో పెట్టి చూడు, వేడి తగిలితే కాస్త పైకి జరుపు. మొక్క ఎదిగే కొద్దీ దీపాన్నీ జరుపుతూ ఉండాలి.

రోజుకు 14 గంటలు వెలగనివ్వు. టైమర్ పెట్టుకుంటే మరచిపోయే బెడద ఉండదు. నెలకు అయ్యే కరెంటు తొమ్మిది యూనిట్ల లోపే. తొందరగా పెరుగుతుందని రాత్రంతా వెలిగించకు. పగలు పొడవైతే పుదీనా పూతకు వస్తుంది, పూతకు వస్తే ఆకు చిన్నబోతుంది. మొగ్గ కనిపించిన వెంటనే కొస గిల్లెయ్యి.

ఇప్పుడున్న సాగిన కాడల మీద ఆశ పెట్టుకోకు, కొత్తవి నాటు. విత్తనాల జోలికీ పోవద్దు. మన ఇండియన్ దుకాణంలో దొరికే పుదీనా కట్టలోంచి నిగనిగలాడే కాడలు నాలుగైదు ఏరు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే నాలుగు పలకలు తగులుతాయి. ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా, ఆకు మొదట్లో ఆవగింజంత చిగురు ఉంటుంది. కణుపుకు కొంచెం కింద కోసి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్లలో నిలబెట్టు. రోజు విడిచి రోజు నీళ్లు మార్చు. వారం పది రోజుల్లో ఆ కణుపుల నుంచే తెల్లటి వేళ్లు వస్తాయి. అవి అంగుళం పొడవయ్యాక, అడుగున రంధ్రాలున్న కుండీలో నాటు. కొత్తిమీరతో కలిపి పెట్టకు, పుదీనా వేళ్లు పాకి దాన్ని బతకనివ్వవు.

కోయడం గురించి గట్టిగా చెబుతున్నాను. చాలామంది పెద్ద ఆకులు గిల్లుకుని కాడను మోడులా వదిలేస్తారు. అలా చేయకు. మొక్క జానెడు ఎదిగాక కింద రెండు మూడు కణుపులు ఉంచి, కణుపుకు కాస్త పైన కాడనే కత్తెరతో కోసెయ్యి. ఆ కణుపు దగ్గరున్న రెండు చిగుళ్లూ రెండు కొమ్మలవుతాయి. పచ్చడికి కావలసినంత ఆకు అలాగే వస్తుంది. జాలిపడి కోయకుండా ఉంచిన మొక్కే ముందు పాడవుతుంది.

వేలు అంగుళం లోతు గుచ్చి, మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటే దోమల్లాంటి చిన్న నల్ల ఈగలు చేరతాయి.

చలికాలంలో హీటరు గాలికి ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు, పడుతుంది, దాన్ని కనిపెట్టి ఉండు. ఆకు పైన సూదితో పొడిచినట్లు తెల్లటి చుక్కలు కనిపిస్తే, తిప్పి అడుగున చూడు, సాలెగూడు లాంటి సన్నటి బూజు ఉంటుంది. వెంటనే కుండీని సింకులోకి వంచి ఆకుల అడుగు భాగం కుళాయి ధారతో బాగా కడుగు. మూడు నాలుగు రోజులకోసారి అలా కడుగుతూ ఉండు. తినే ఆకు కాబట్టి మందులు కొట్టవద్దు.

దీపం బిగించాక లక్స్ ఎంత వచ్చిందో, ఎంత ఎత్తులో పెట్టావో రాసి పంపు. ఆకుల అడుగు భాగం ఫొటో కూడా తీసి పంపు, ఇప్పుడున్న మొక్కకు నల్లి పట్టిందేమోనని నాకు అనుమానంగా ఉంది.

ఇట్లు,
మీ చికాగో పెద్దమ్మ