2008లో రాన్ పాల్ మీద లిబర్టేరియన్లు ఎందుకు అలిగారు?

అమెరికా కాంగ్రెస్‌లో (అక్కడి పార్లమెంటులో) రిపబ్లికనే అయినా, రాన్ పాల్ 1988లో, ప్రభుత్వ జోక్యం వీలైనంత తగ్గాలనే లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేశారు. కాబట్టి 2008లో రిపబ్లికన్ టికెట్ దక్కనప్పుడు, ఆయన మద్దతు తమ అభ్యర్థి బాబ్ బార్‌కేనని ఆ పార్టీవారు ఆశపడ్డారు.

సెప్టెంబరు 10న ఆయన విలేకరులను పిలిచి, ప్రధాన పార్టీల అభ్యర్థులు మెకెయిన్, ఒబామాలను వదిలి చిన్న పార్టీలలో ఎవరికైనా ఓటేయమన్నారు. యుద్ధాలు, పౌరుల గోప్యత, జాతీయ రుణం, ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు)లపై ఉమ్మడి వైఖరికి ఇతర అభ్యర్థులు రాల్ఫ్ నాడర్, సింథియా మెకిన్నీ, చక్ బాల్డ్విన్ సరేనన్నారు. మార్కెట్‌పై ప్రభుత్వ అదుపు కోరే నాడర్‌తో తమను ఒకే గాటన కట్టడం చాలామంది లిబర్టేరియన్లకు మింగుడుపడలేదు. బార్ ఆ సమావేశానికి వెళ్లలేదు. పైగా పాల్ తటస్థతను తప్పుపట్టారు. ఆ విమర్శే బెడిసికొట్టింది. సెప్టెంబరు 22న పాల్ తటస్థత వదిలి, కాన్‌స్టిట్యూషన్ పార్టీ అభ్యర్థి, పాస్టర్ అయిన బాల్డ్విన్‌కు మద్దతు ప్రకటించారు. బైబిలును పునాదిగా చెప్పుకుంటూ, దిగుమతి సుంకాలను సమర్థించే పార్టీ అది!

అలక సహజమే. కానీ కాంగ్రెస్ సభ్యుడిగా, ప్రభుత్వ నిఘా అధికారాలను పెంచిన పేట్రియాట్ చట్టానికి ఓటేసిన బార్ మాత్రం ఏ పాటి లిబర్టేరియన్? చివరికి బార్‌కు సుమారు 5.2 లక్షలు, బాల్డ్విన్‌కు దాదాపు 2 లక్షల ఓట్లు వచ్చాయి.