ఇండియా, చైనా కలప దిగుమతులు పోల్చేముందు

అమ్మలూ,

నీ ప్రాజెక్టు మొదటి పేజీలు చదివాను. చైనా ఇన్ని డాలర్లు, మనం ఇన్ని డాలర్లు అని పక్కపక్కన పెట్టి, చైనావాళ్లే కలప ఎక్కువ వాడతారని తేల్చేశావు. అంత తొందరెందుకు? చైనా తెచ్చుకునే దుంగల్లో కొన్నింటిని ప్లైవుడ్డో ఫర్నిచరో చేసి మళ్లీ ఓడెక్కించి అమ్ముకుంటారు. మన దగ్గర దిగేది చాలావరకు ఇక్కడే గుమ్మాలకీ కిటికీలకీ ప్యాకింగ్ పెట్టెలకీ అయిపోతుంది. కాబట్టి దిగుమతుల పక్కన ఎగుమతుల కాలమ్ కూడా పెట్టాల్సిందే.

ఆ తర్వాత, కలప ఉత్పత్తులంటే ఏంటో ముందే గీత గీసుకో. సరుకులకు కస్టమ్స్‌వాళ్లిచ్చే కోడ్‌లలో కలపది 44వ చాప్టర్, గుజ్జూ పాత కాగితమూ 47, కాగితం 48, ఫర్నిచర్ 94. చైనా కాగితం మిల్లులు చెక్క చిప్స్ తెప్పించుకుంటాయి, అవి 44లో పడతాయి. మన మిల్లులు పాత కాగితం తెప్పించుకుంటాయి, అది 47లో పడుతుంది. చైనా అయితే 2021 నుంచి పాత కాగితాన్ని రానివ్వడమే మానేసింది. 44 ఒక్కటే చూస్తే ఈ కథంతా జారిపోతుంది. కోడ్‌లో మొదటి ఆరంకెలే ప్రపంచమంతా ఒకటి, ఆపైన ఎవరివి వాళ్లవి. టేకు దుంగలకు ఆ ఆరంకెల్లో విడిగా చోటు దొరికింది 2022 కూర్పులోనే, అంతకుముందు వేరే ఉష్ణమండల కలపతో కలిసి ఉండేది. గ్రాఫ్ అక్కడ ఎగిరిందని కంగారుపడకు. ఇంకోటి, మన సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లది జనవరి నుంచి డిసెంబర్. నెలవారీ లెక్కలు తీసి కలుపుకో, బద్ధకించకు.

కొలత దగ్గర అసలు చిక్కుంది. టింబర్ డిపోలో దుంగకి టేపు చుట్టి, చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. పాత బ్రిటిష్ పద్ధతి, హోపస్ అంటారు. నిజంగా 100 ఘనపుటడుగులున్న దుంగ ఈ లెక్కలో 78.5 అడుగులే వస్తుంది. అంటే వ్యాపారులు చెప్పే అడుగుల్ని తిన్నగా ఘనపు మీటర్లలోకి మార్చేస్తే ఐదో వంతు పైనే గల్లంతు. ఏ కొలతో అడగకుండా ఏ అంకె రాసుకోకు.

కారణాలు మాత్రం ఊరికే దేశభక్తి మాటలు రాయకు. 1998లో యాంగ్జీ వరదలొచ్చాక చైనా తన సహజ అడవుల్లో నరకడం తగ్గిస్తూ వచ్చింది, 2017 నాటికి వాణిజ్య నరుకుడు పూర్తిగా ఆపేసింది. మన దగ్గర 1996లో అడవుల్లో నరకడాన్ని కట్టడి చేస్తూ సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఆదేశం. రెండుచోట్లా అడవి మూసుకుంటే ఓడరేవు తెరుచుకుంది. 2014 ఏప్రిల్ 1న మయన్మార్ దుంగల ఎగుమతి ఆపింది, అది ఇద్దరికీ పొరుగే కాబట్టి ఇద్దరికీ తగిలింది. బర్మా టేకు తగ్గి డిపోల్లో ఘనా టేకు పేరు ఎక్కువ వినిపించింది. 2022లో రష్యా పైన్ లాంటి శంఖాకార చెట్ల దుంగల ఎగుమతి ఆపితే ఎక్కువ నొప్పి చైనాకే. మన పైన్ దుంగలకు రష్యాతో పెద్దగా పనిలేదు, గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి పక్కనే గాంధీధామ్ మిల్లుల్లో కోతకెళ్లేవి సముద్రం మీద వేరే దేశాల నుంచే వస్తాయి.

అంకెల్లో ఎక్కనిదీ ఉంది. మయన్మార్ నుంచి సరిహద్దు దాటి చైనాలోని యునాన్ రాష్ట్రానికి లారీల్లో దొంగచాటుగా పోయే కలప మయన్మార్ ఎగుమతి లెక్కలో కనిపించదు. మన శేషాచలం ఎర్రచందనం సంగతి నీకు చెప్పక్కర్లేదు. అందుకే ఒక దేశం దిగుమతిని అవతలి దేశం ఎగుమతితో సరిచూడు. దిగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా కలిసుంటాయి, కొంచెం తేడా మామూలే. మరీ పెద్ద తేడా ఉంటేనే అనుమానించు.

ముందు 4403, అంటే దుంగలు ఒక్కటే తీసుకుని 2012 నుంచి 2016 దాకా రెండు దేశాలదీ నెలవారీ పట్టిక వేసి పంపు. 2014 మార్చి, ఏప్రిల్ గళ్లకు రంగు వెయ్యి. మిగతా కోడ్‌లు తర్వాత మాట్లాడుకుందాం.

మీ మామయ్య